కళకు రంగు అంటగట్టకండి

పోయిన శ్రావణంలో బంధువుల ఇంటికి వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వెళ్లాను. పట్టుపరికిణీలు కట్టుకున్న అక్కచెల్లెళ్లిద్దరు వాయనాలు అందిస్తున్నారు. ఓ పెద్దావిడ చిన్నదాని బుగ్గలు పుణికి, "అచ్చం లక్ష్మీదేవిలా ఉన్నావే తల్లీ" అని మెటికలు విరిచింది. పెద్దమ్మాయి వంక చూసి, "ఇది చామనఛాయే గానీ, మొహంలో లక్ష్మీకళ ఉంది" అంది. మెచ్చుకున్నాననే అనుకుంది ఆవిడ. తొమ్మిదేళ్ల ఆ పిల్ల మాత్రం శనగల పళ్లెం కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. దాని చెవిన పడింది లక్ష్మీకళ కాదు, 'గానీ'.

నిజానికి 'కళ' ఎంత చక్కని మాట! చంద్రుడిలో పదహారో వంతు కళ. దేవుడి విగ్రహంలో వెలిగే దివ్యత్వమూ కళే. తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన మహాసంప్రోక్షణ చేస్తారు. 2018 ఆగస్టులోనూ చేశారు. గర్భగుడిలో పని మొదలుపెట్టే ముందు 'కళాకర్షణ' జరిపి, స్వామి శక్తిని కుంభంలోకి ఆవాహన చేస్తారు. నల్లరాతి మూర్తి ఉన్నచోటే ఉంటుంది, కదిలేది కళ. ఒంటి రంగు వేరు, కళ వేరు అని అంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

ఇంట్లో మనం వాడే తీరూ అంతే. సంధ్యవేళ దీపం పెడితే ఇంటికి కళ. సెలవులకు మనవలు దిగితే లోగిలి కళకళలాడుతుంది. సంబంధం కుదిరిన పిల్ల మొహంలో పెళ్లికళ. వానలు మొహం చాటేస్తే ఊరే కళ తప్పుతుంది. వీటిలో తెలుపూ లేదు, నలుపూ లేదు. రాముణ్ణి నీలమేఘశ్యాముడని మురిసిపోతాం. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు వచ్చిందే మేనిఛాయ వల్ల. వాళ్ల దగ్గర రాని 'గానీ' మన పిల్లల దగ్గరే ఎందుకొస్తుంది?

అమ్మానాన్నలూ, ముందు ఆ 'గానీ' మానేయండి. "రంగు తక్కువైనా" అన్న మాట పొగడ్తకు ముందు వచ్చినా తర్వాత వచ్చినా గుచ్చుకునేది అదే. కళ ఎప్పుడు కనిపించిందో ఆ సంగతి చెప్పండి. "తమ్ముడికి చెప్పులు తొడుగుతుంటే నీ మొహం ఎంత కళగా ఉందో" అంటే, ఆ పని పిల్లకు గుర్తుండిపోతుంది. నగ పెడితేనే, పౌడరు రాస్తేనే కళ అనకండి. మగపిల్లలకూ ఈ మాట దక్కనివ్వండి. ముగ్గు చుక్కలు పెట్టే అబ్బాయి మొహమూ వెలుగుతుంది.

చుట్టాలు నోరు జారితే ఏం చేయాలి? గొడవ అక్కర్లేదు, మౌనమూ వద్దు. పిల్ల వింటుండగానే, నవ్వుతూ అయినా సరే, "మా అమ్మాయి కళైన పిల్ల, అంతే పిన్నిగారూ" అనండి. ఆ రోజు ఆ గదిలో పదిమంది పెద్దవాళ్లం ఉన్నాం. ఒక్కరమూ ఆ ముక్క అనలేదు. మీరైనా అనండి.