వంకర ముక్కుకు ఆపరేషన్: చేయవలసినవి, చేయకూడనివి

పేరేసంద్ర నుంచి గుడిబండెకు వచ్చే దారిలో బైకు జారినా, పాలు పితికేటప్పుడు ఆవు తల విసిరినా, కబడ్డీలో మోచెయ్యి తగిలినా ముందు దెబ్బతినేది ముక్కే. నెత్తురు ఆగితే గండం గడిచిందనుకుంటాం. ఏళ్లు గడిచాక, పెళ్లిచూపుల వేళకో, రాత్రిళ్లు ఊపిరాడకో బెంగళూరు బస్సెక్కుతాం. మొదటి రెండు వారాల్లో తేలిగ్గా అయ్యే పని అప్పటికి పెద్ద ఆపరేషన్ అయి కూర్చుంటుంది.

దెబ్బ తగిలిన రోజు

కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. నోటితో ఊపిరి తీసుకోమనాలి. తల వెనక్కి వాల్చకూడదు, నెత్తురు గొంతులోకి పోతుంది. పసుపు, కాఫీపొడి లోపల కూరకూడదు. వంకరను చేత్తో నొక్కి సరిచేసే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

అదే రోజు డాక్టరు చేత ముక్కు లోపల చూపించాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ముక్కు దూలం మీద పొర కింద నెత్తురు గడ్డకడితే, రంధ్రంలో ఎర్రగానో ఊదాగానో మెత్తటి ఉబ్బు కనిపిస్తుంది. రెండు వైపులా ముక్కు మూసుకుపోతుంది, నొప్పి పెరుగుతూ పోతుంది. ఆ నెత్తురును తీయించకపోతే లోపలి మృదులాస్థి కొద్ది రోజుల్లోనే చచ్చిపోయి ముక్కు నడుమ కుంగిపోతుంది. మామూలు ఎక్స్‌రేలో ఇది తెలియదు, లైటు వేసి చూడాల్సిందే. ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారుతున్నా, స్పృహ తప్పినా, చూపు మసకబారినా ఒక్క క్షణం ఆగకండి.

వాపు తగ్గాక, అంటే నాలుగైదు రోజులకు, మళ్లీ ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. జరిగిన ఎముకను పెద్దవాళ్లకు సుమారు రెండు వారాల లోపు తిరిగి కూర్చోబెట్టవచ్చు. పిల్లల ఎముక త్వరగా అతుక్కుంటుంది కాబట్టి వాళ్లకు వారం దాటనివ్వకూడదు. ఆ గడువు పోతే కొన్ని నెలలు ఆగి పెద్ద ఆపరేషన్‌కే వెళ్లాలి.

ఎందుకంత కష్టం

మూడో మైసూరు యుద్ధంలో, మన పక్కనున్న నంది కోట ఇంగ్లీషువాళ్ల వశమైన ఆ కాలంలోనే, కావస్‌జీ అనే ఎడ్లు తోలేవాడు టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. తర్వాత అతనికి నుదుటి చర్మంతో కొత్త ముక్కు కట్టారు. ఆ వార్త 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. పోయిన ముక్కును చర్మంతో కప్పడం అంత పాత విద్య. ఉన్న ముక్కును నిటారుగా నిలపడం మాత్రం ఈనాటికీ సర్జన్లకు పరీక్షే.

వంగి పెరిగిన మృదులాస్థిని సరిచేసినా అది మళ్లీ పాత వంపుకే పోవాలని చూస్తుంది. దూలాన్ని ఎక్కువగా కోసేస్తే ముక్కు కుంగుతుంది. అందుకే పైనా ముందూ సుమారు సెంటీమీటరు పట్టీని వదిలేసి, అవసరమైతే చెవి నుంచో పక్కటెముక నుంచో తీసిన ముక్కను ఆసరాగా కుడతారు. లోపలి దూలం వదిలేసి పైపైన ఎముక ఒక్కటే సరిచేస్తే వంకర తిరిగి రావచ్చు. పైగా మనిషి ముఖం రెండు వైపులా ఒకేలా ఉండదు. నూటికి నూరు పాళ్లు తిన్నగా చేస్తానని మాట ఇచ్చే చోట ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు.

ఒప్పుకునే ముందు

దెబ్బకు ముందు తీసిన ఫోటో, ఎదురుగా ముఖం కనిపించేది, వెంట తీసుకెళ్లండి. వంకర పాతదా కొత్తదా డాక్టరుకు దాంతోనే తెలుస్తుంది. ఊపిరి బాధను ముందు చెప్పండి, అందం సంగతి తర్వాత. ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు, రెండోసారి కోయాల్సి రావచ్చా అని మొహమాటం లేకుండా అడగండి. అందం కోసమే చేసే ఆపరేషన్‌కు ఆయుష్మాన్ భారత్ వర్తించదు. ఊపిరి కోసం దూలం సరిచేయడానికి వస్తుందేమో ఆస్పత్రి కౌంటర్లో ముందే కనుక్కోండి.

బీడీ, సిగరెట్ కనీసం నెల ముందే మానాలి. నెత్తురు పలచబడే మాత్రలు వాడేవాళ్లు సొంతంగా ఆపకూడదు, డాక్టరుకు చెప్పి ఆయన అన్నట్టు చేయాలి. ఎదిగే పిల్లలకు పెళ్లి తొందరతో ఈ ఆపరేషన్ చేయించవద్దు. ఆడపిల్లలకు 15, 16 ఏళ్లు, మగపిల్లలకు 17, 18 వచ్చి ముక్కు ఎదుగుదల ఆగాకే మేలు. ఊపిరి మరీ ఆడకపోతే అది వేరే సంగతి, డాక్టరు నిర్ణయిస్తారు.

ఇంటికి వచ్చాక

మొదటి రెండు రాత్రులు నెత్తురు కారితే వెంటనే ఆస్పత్రికి చేరగలిగేంత దగ్గర్లో ఉండండి. బైకు మీద ఊరికి రాకూడదు. రెండు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కళ్లజోడు బరువు ముక్కు మీద పడకుండా డాక్టరు చెప్పినన్ని వారాలు చూసుకోవాలి.

పట్టుపురుగులు పెంచే ఇళ్లవాళ్లకు ఒక మాట. సున్నం చల్లే పని, బ్లీచింగ్, ఫార్మలిన్ కొట్టే పని ముక్కు మానేదాకా ఇంకొకరికి అప్పగించండి. వేరుశనగ కళ్లం దుమ్ములోకీ వెళ్లవద్దు.

వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టవచ్చు. మూడో నెలలో అద్దం చూసి ఇంకా వంకరే ఉందని మరో డాక్టరు దగ్గరికి పరుగెత్తకండి. మళ్లీ కోయించాలన్నా సాధారణంగా ఆ ఏడాది ఆగాల్సిందే. జ్వరం, ఆగని నెత్తురు, పెరిగే నొప్పి, నీళ్లలా కారడం, చూపు తేడా, వీటిలో ఏది కనిపించినా మాత్రం ఆ రాత్రికి రాత్రే బయల్దేరండి.