ప్రయాణమునకు ముందు

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అట్టి పాతబండి యొకటి మా యింట కలదు. ఒక వేసవిలో నందిగామనుండి హైదరాబాదునకు సకుటుంబముగా దానిలో పోవ నెంచితిని. దూరము రెండువందల కిలోమీటర్లకు పైమాటే.

ముందుగా బండిని మెకానిక్కునకు చూపితిని. అతడు టైర్లను పరికించి, “ఇవి మార్చవలె, మాస్టారూ!” అనెను.

“అరుగనే లేదు గదా!” అంటిని.

అతడు టైరు ప్రక్కనున్న నాలుగంకెలను చూపెను. మొదటి రెండును వారమును, చివరి రెండును సంవత్సరమును తెలుపును. 0812 అని యున్నచో, అది 2012లో ఎనిమిదవ వారమున తయారైనదని యర్థము. బండి కదలకున్నను రబ్బరునకు ముసలితనము వచ్చును. ఎండకాగిన బాటపై వేగముగా పోవునపుడు అట్టి టైరు పగులవచ్చును.

పిమ్మట బ్రేకు ఆయిలు మార్చెను. అది కాలక్రమమున గాలిలోని తేమను పీల్చును. బ్రేకులు మిక్కిలి వేడెక్కినపుడు ఆ నీరు ఆవిరియగును, బ్రేకు పట్టదు. రేడియేటరు గొట్టములు, ఫ్యాను బెల్టు, బ్యాటరీ, దీపములు, స్టెపినీ కూడ చూచెను. ఇంజను వేడిగానున్నపుడు రేడియేటరు మూత తీయరాదని హెచ్చరించెను.

ఊడదీసిన వెనుక టైరు లోపలి ప్రక్కను వెండ్రుకవంటి పగుళ్లు కనబడినవి. నా మనుమరాలు కూర్చుండునది ఆ చక్రమునకు పైననే!

మరునాడు జగ్గయ్యపేట దాటునప్పటికి ఆమె నిశ్చింతగా నిద్రించుచుండెను. ఆ నిద్రకు వెల నాలుగు టైర్లు మాత్రమే.