పిచ్చికుక్క కాటు: రోగమూలము, పంచాయతీల కర్తవ్యము

గోదావరి తూర్పు డెల్టాలోని మండపేట పరిసరములు వరిపంటకు, బియ్యపు మిల్లులకు, కోళ్ల పెంపకమునకు పేరుగాంచినవి. ఇచ్చటి గ్రామములందును, రాష్ట్రములోని ఇతర గ్రామములందును వీధికుక్కల విషయము పంచాయతీ సమావేశములలో ప్రస్తావనకు వచ్చుచునే యుండును. అయితే కరచిన కుక్క నోటినుండి మనుష్యుని శరీరములోనికి ఏమి ప్రవేశించును, ప్రవేశించి ఏమి చేయును అను సంగతి తెలిసినవారు తక్కువ. ఆ సంగతి తెలిసిననాడు ఆలస్యమెంత ప్రమాదకరమో ఇతరులు చెప్పనక్కరలేదు. కావున దానిని సాధ్యమైనంత సులభముగా వివరింపదలచినాము.

ప్రపంచమున కుక్కలవలన సంక్రమించు రేబీస్ వ్యాధితో ఏటేట సుమారు 59,000 మంది మరణించుచున్నారని అంచనా. రోగముండునని అనుమానింపదగిన జంతువుల కాటునకు గురియగువారిలో పదిమందికి నలుగురు పదునైదేండ్లలోపు పిల్లలే.

వైరస్ స్వరూపము

ఈ రోగమునకు మూలమైన వైరస్ తుపాకిగుండు ఆకారము గలది. ఐదువేల వైరస్‌లను వరుసగా పేర్చినను ఒక మిల్లీమీటరు పొడవు నిండదు. దీనియందున్నవి ఐదు ప్రోటీనులు మాత్రమే. వీనికి శాస్త్రజ్ఞులు ఎన్, పి, ఎమ్, జి, ఎల్ అని పేర్లు పెట్టిరి. తన వంశలక్షణములకు నకళ్లు వ్రాసికొనుటకు అవసరమైన ఎంజైము, అనగా ఎల్ ప్రోటీను, వైరస్‌కు సొంతము. తక్కిన పనులన్నిటికి అది మన కణములపై ఆధారపడవలసినదే. ధాన్యము మాత్రము వెంట తెచ్చి, మన మిల్లులో, మన కూలీలచేత బియ్యము పట్టించుకొనిపోవు దొంగవంటిది ఈ వైరస్.

మన ఎంజైములు చేయు సేవ

ఎంజైములనగా దేహములోని రసాయనిక క్రియలను త్వరితపరచు పదార్థములు. అన్నమును బాగుగా నమలినచో తియ్యగా తోచుటకు లాలాజలములోని ఎంజైమే కారణము. ఇట్టివి ప్రతి కణమునందును పెక్కు గలవు.

వైరస్ కణములో ప్రవేశించిన పిమ్మట జి ప్రోటీను 524 అమైనో ఆమ్లముల గొలుసుగా తయారగును. కణములోని ఒక ఎంజైము ఆ గొలుసు మొదటనున్న 19 అమైనో ఆమ్లములను కత్తిరించి వేయును. మరియొక ఎంజైము దానికి చక్కెరల గొలుసును తగిలించును. ఇట్లు చక్కెర చేరు తావులలో 319వది ముఖ్యమైనది. చక్కెర ఏమాత్రము చేరనిచో జి ప్రోటీను సరియైన రూపము దాల్చి కణపు పైభాగమునకు చేరజాలదు. వైరస్ నరముల కణములను పట్టుకొని లోనికి పోవుటకు తాళపుచెవి ఈ జి ప్రోటీనే. ఆ తాళపుచెవికి పదును పెట్టుచున్నది మన ఎంజైములే యన్నమాట.

పి, ఎన్ ప్రోటీనులకు మన కణములలోని కైనేజులను ఎంజైములు ఫాస్ఫేటును చేర్చును. పి ప్రోటీనుకు ఈ పని చేయు కైనేజులను అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు 2000 సంవత్సరమున గుర్తించిరి. ఎన్ ప్రోటీనులో 389వ స్థానమున ఫాస్ఫేటు చేరకుండ మార్చి చూడగా వైరస్ నకళ్లు వ్రాసికొనుట మందగించినది.

దీనినుండి గ్రహింపవలసినవి

వైరస్ వాడుకొనుచున్న పనిముట్లు మనవే. వానిని ఆపివేయు మందు మన కణములకును హాని చేయగలదు. రోగలక్షణములు బయటపడిన పిదప నమ్మదగిన చికిత్స లేకుండుటకు ఇదియొక కారణము. నీటిని చూచి భయపడు దశ వచ్చినచో మరణము దాదాపు తప్పదు.

అయితే మనకు కొంత వ్యవధి గలదు. కాటుపడినది మొదలు లక్షణములు కనబడుటకు సాధారణముగా రెండు మూడు మాసములు పట్టును. ఒక్కొక్కప్పుడు వారము దినములలోనే కనబడవచ్చును. ఆ లోపల టీకా పొందినచో మన దేహము జి ప్రోటీనును పట్టి బంధించు రక్షక పదార్థములను సిద్ధము చేసికొనును. తాళపుచెవి చిక్కిన దొంగ ఇల్లు చొరలేడు.

లూయీ పాశ్చర్ 1885 జులై 6న తొలిసారిగా ఒక బాలునికి ఈ టీకా వేసెను. దక్షిణ భారతమున 1907లో కూనూరు పాశ్చర్ సంస్థ వెలసినది. 1911లో కసౌలిలో సెంపుల్ రూపొందించిన పద్ధతిని అనుసరించి, గొర్రెల మెదడునుండి తీసిన టీకా మన దేశమున పెక్కేండ్లు వాడుకలోనుండెను. బొడ్డు చుట్టు వేయు ఆ సూదులనుగూర్చిన భయము పల్లెలలో నేటికిని పోలేదు. ఆ టీకా వాడుక 2005 నాటికి మన దేశమున నిలిచిపోయినది. నేటి టీకాలకు వైరస్‌ను ప్రయోగశాలలోని సజీవ కణములందు పెంచి, పిదప చంపుదురు. సజీవ కణములందు పెరిగినందున జి ప్రోటీను చక్కెరతో కూడి సరియైన రూపముననుండును. కొన్నిటికి కోడిగుడ్డులోని పిండపు కణములను, మరికొన్నిటికి కోతి మూత్రపిండమునుండి వచ్చిన వీరో కణములను వాడుదురు. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ టీకా వీరో కణములందు తయారైనదే.

పంచాయతీల కర్తవ్యము

1. కాటునుగాని గీరునుగాని ధారగా పడు నీటితో, సబ్బుతో, పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు.

2. అదే దినమున ప్రభుత్వ వైద్యశాలకు పంపవలెను. చర్మములోనికి వేయు టీకాను మొదటి దినమును సున్నగా లెక్కించి 0, 3, 7, 28 దినములలో చేతులకు వేయుదురు. రక్తము వచ్చిన గాయములోనికి ఇమ్యునోగ్లోబులిన్ కూడ అవసరము. గర్భవతులకు, పసిపిల్లలకు టీకా నిషిద్ధము కాదు. మొదటి సూదితో ఊరకుండువారిని సభ్యులు ఇంటికేగి హెచ్చరింపవలెను.

3. గ్రామములోని కుక్కలలో నూటికి డెబ్బది వంతులకైనను ఏటేట టీకాలు వేయించినచో రోగవ్యాప్తి ఆగును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు సంతాన నిరోధక చికిత్సను, టీకాను స్థానిక సంస్థల బాధ్యతగా పేర్కొన్నవి.

4. చచ్చిన కోళ్లను, మాంసపు వ్యర్థములను వీధిలో పారవేయనీయక గోతిలో పూడ్పింపవలెను. కుక్కలు గుంపుగూడుట అచ్చటనే.

5. కుక్క కరచినను, గీరినను దాచక చెప్పవలెనని పాఠశాలలలో పిల్లలకు బోధింపజేయవలెను. తిట్లకు భయపడి దాచిన గీరు ప్రాణము తీయగలదు.

కుక్కలవలన వచ్చు రేబీస్‌ను 2030 నాటికి నిర్మూలింపవలెనని మన దేశము సంకల్పించినది. ఆ సంకల్పము నెరవేరవలసినది వార్డులలోను, వీధులలోను. సబ్బు, నీరు, సకాలమున టీకా: ఈ మూడును ప్రతి గడపకు తెలియజేయు భారము పంచాయతీ సభ్యులదే.