సాగనంపడం నేర్చుకుందాం

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, గుండె ఆడుతోందా లేదా అని చేయి వేసి చూసుకుంటున్నారా? నాన్న పోయాక ఏడాది పాటు నాదీ అదే పరిస్థితి. ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాణ్ని. కూర్చుని వినే ధైర్యం ఒక వీడియో గేమ్ వల్ల వచ్చింది.

దాని పేరు 'స్పిరిట్‌ఫేరర్'. 2020లో కెనడాకు చెందిన థండర్ లోటస్ సంస్థ తెచ్చింది. ఇందులో కాల్పులూ చంపడాలూ లేవు. స్టెల్లా అనే అమ్మాయి చనిపోయినవాళ్లను పడవలో ఎక్కించుకుని, ఇల్లు కట్టిచ్చి, ఇష్టమైనది వండిపెట్టి, ఆఖరి ద్వారం దాకా సాగనంపుతుంది. వాళ్లలో ఆలిస్ అనే ముసలామె ముళ్లపంది రూపంలో ఉంటుంది. మొదట్లో చురుగ్గా తిరుగుతుంది. పోనుపోను నడవలేదు. స్టెల్లాను తన కూతురనుకుంటుంది. మనమే చేయి పట్టుకుని నడిపించాలి. ద్వారం దగ్గర కౌగిలించుకుంటాం, వెళ్లిపోతుంది. ఆమె ఇల్లు మాత్రం పడవ మీదే ఉంటుంది, అందులో ఒక పువ్వు.

చావు భయాన్ని కథగా మార్చుకోవడం మావాళ్లకు కొత్త కాదు. మా కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న, తమ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంఫిణీవాళ్లు జనం ముందే ఉరితీశారు. తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు, చూసినవాళ్లు వణకాలని. అయినా సీమ జనం ఆయన మీద పాటలు కట్టి పాడుకున్నారు! భయం కథలోకి వస్తే దానికి మొదలూ తుదీ ఏర్పడతాయి. అర్ధరాత్రి భయానికి ఆ రెండూ ఉండవు.

అందుకే ఈ గేమ్ ఆడండి, కానీ పరుగెత్తకండి. ఒకరిని సాగనంపాక ఆ రోజుకు అక్కడితో ఆపండి. ఆ క్షణంలో మీకెవరు గుర్తొచ్చారో ఇంట్లో ఒకరికి చెప్పండి. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది. నిద్రా తిండీ చెడేంత భయమైతే గేమ్ చాలదు; మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

నేను ఆలిస్‌ను నడిపిస్తుంటే మా జేజి పక్కనే శనక్కాయలు ఒలుస్తోంది. "ఆయమ్మకూ నా మాదిరే మోకాళ్లు పోయినాయే" అంది. కాసేపటికి, "నాకు బాగలేకపోతే ఆస్పత్రుల చుట్టూ తిప్పొద్దబ్బీ. వసారాలోనే మంచమెయ్యండి" అంది.

నేను లేవలేదు. "ఏ పక్క జేజీ?" అని అడిగాను.

"యాపచెట్టు గాలి తగిలే పక్క" అంది, ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంటూ.