చెరిగిపోయిన సాక్ష్యము

క్రీ. శ. 1888 వ సంవత్సరమున లండను మహానగరపు తూర్పు భాగమందలి వైట్‌చాపెల్ అను పేటలో నిరుపేద స్త్రీలు ఒకరి వెనుక నొకరు హత్య గావింపబడిరి. హంతకుడు చిక్కలేదు. వాని అసలు పేరు నేటికిని తెలియదు. పత్రికల కెక్కిన ‘జాక్ ద రిప్పర్’ అను మారుపేరు మాత్రమే నిలిచినది. వేలిముద్రలను బట్టి నేరస్థులను గుర్తించు శాఖ లండను పోలీసులకు 1901 లో గాని ఏర్పడలేదు. కావున నాడు దొరికిన ప్రతి చిన్న వస్తువును అమూల్యమైన ఆధారమే.

సెప్టెంబరు 30 వ తేదీ వేకువకు ముందు, మైటర్ స్క్వేర్ అను చోట కాథరిన్ ఎడ్డోస్ అను స్త్రీ చంపబడెను. సుమారు 3 గంటల వేళ, గూల్‌స్టన్ వీధిలో గస్తీ తిరుగుచున్న ఆల్‌ఫ్రెడ్ లాంగ్ అను పోలీసు జవానుకు ఒక వాకిట నెత్తు రంటిన గుడ్డముక్క కనబడెను. సరిపోల్చి చూడగా అది మృతురాలు ధరించిన ఏప్రన్ నుండి కోయబడినదని తేలెను. ఆ గుడ్డకు పైగా గోడమీద సుద్దతో వ్రాసిన వాక్య మొకటి యుండెను. అందు యూదుల ప్రసక్తియు, నింద మాటయు గలవు.

ఆ పేటలో యూదులు పెక్కుమంది నివసించుచుండిరి. అప్పటికే జనులు వారిని అనుమానించుచుండిరి. తెల్లవారిన పిదప ఈ వ్రాత నలుగురి కంటబడినచో అమాయకులపై దాడి జరుగునని పోలీసు కమీషనరు సర్ చార్లెస్ వారెన్ భయపడెను. ఫొటో తీయువరకు ఆగవలెనని కొందరు కోరిరి. పై పంక్తి మాత్రమే చెరిపిన చాలునని ఒకరు సూచించిరి. వారెన్ అంగీకరింపలేదు. సూర్యోదయమునకు ముందే వ్రాత యంతయు తుడిచివేయబడెను.

ప్రాణరక్షణ కొరకు చేసిన పనిని తేలికగా నిందింపరాదు. కాని దాని ఫలితము విచారింపదగినది. ఇరువురు పోలీసులు వ్రాసికొన్న ప్రతులలో ‘కాదు’ అను అర్థ మిచ్చు పదము వేరువేరు చోట్ల నున్నది. పదము స్థానము మారినంతనే వాక్యార్థమును మారెను. మూలమే నశింపగా ఏ ప్రతి సరియైనదో తేల్చు టెట్లు? అది హంతకుని చేవ్రాతయో, అంతకు ముందే అచట నున్న వ్రాతయో నిర్ణయించు టెట్లు?

మరియొక వస్తువు కథ చూడుడు. 2014 లో ఒక పాత శాలువ ఎడ్డోస్‌దే యని, దానిపై జరిపిన డి.ఎన్.ఏ. పరీక్షను బట్టి ఆరన్ కోస్మిన్‌స్కీ అను యూదుడే హంతకుడని ఒక గ్రంథకర్త ప్రకటించెను. పలువురు శాస్త్రజ్ఞులు దీని నాక్షేపించిరి. మృతురాలి వస్తువుల పట్టికలో పోలీసులు అట్టి శాలువను పేర్కొనలేదు. అది ఎందరి చేతులు మారెనో, ఎందరి స్పర్శ దాని కంటెనో చెప్పజాలము. పైగా, తల్లి నుండి సంక్రమించు ఆ డి.ఎన్.ఏ. ఒక్కనికే గాక పెక్కుమందికి సమానముగా నుండవచ్చును. పరీక్ష యెంత సూక్ష్మమైనను, వస్తువు చరిత్ర తెలియనిచో నిర్ణయము నిలువదు.

గోడమీది వ్రాత నిజమైనది. దానిని భద్రపరచినవారు లేరు. శాలువను భద్రపరచిరి, అది నిజమైనదను నిదర్శనము లేదు. సాక్ష్యమునకు ఈ రెండును వలయును. అవి లేనిచోట ఊహయే తీర్పరి యగును. అప్పుడు చనిపోయినవారికి న్యాయము జరుగదు. బ్రతికియున్నవారిపై నింద తొలగదు. దోషి దొరకకుండుట గొప్ప కొరతయే. చాలని యాధారముతో నిర్దోషిని దోషి యనుట అంతకంటె ఘోరము.