డెబ్బై అయిదు రూపాయల మిగులు

కార్తీకం వెళ్లిందంటే హన్మకొండ అదాలత్ దగ్గరున్న మా లాయరు ఆఫీసుకు యాత్రల నుంచి తిరిగొచ్చినవాళ్ల రాక మొదలవుతుంది. ఈసారి అలా వచ్చినవి అయిదు కేసులు. ఒకాయన పూరీలో గది కోసం ఫోన్లో అడ్వాన్సు కట్టి మోసపోయాడు. ఒకామె బందరులో ఒక్క రాత్రి పడుకుని రెండు రోజుల అద్దె కట్టింది. ఇక్కడే హన్మకొండలో పెళ్లివారికని ఆరు గదులు మాట్లాడుకున్న కుటుంబానికి ముహూర్తం రోజున రెండే గదులు దక్కాయి. మిగతా రెండూ విశాఖపట్నానివి. ఊళ్లు వేరు, నష్టాలు వేరు. నేను మాత్రం అందరినీ అడిగింది ఒకటే: బిల్లు ఏది?

అయిదుగురిలో ఒక్కరి దగ్గరా లేదు.

విశాఖ కేసుల్లో ఒకటి ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు నడుస్తోంది. తేలని కేసు కాబట్టి మనిషి పేరు గానీ లాడ్జి పేరు గానీ రాయను. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయిన పెద్దమనిషి మా క్లయింటు. భార్య, కూతురు, ఏడేళ్ల మనవరాలితో సముద్రం చూసొద్దామని బయల్దేరాడు. మనవాళ్లకు విశాఖ అంటే గోదావరి ఎక్స్‌ప్రెస్సే. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి దింపుతుంది. చిక్కూ అక్కడే ఉంది. రైలు తెల్లవారి చేరుతుంది, లాడ్జి వాళ్ల రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మొదలవుతుంది. నిద్రతో తూగుతున్న పిల్లను భుజాన వేసుకుని, రెండు చేతుల్లో సంచులతో నిలబడ్డవాడికి బేరమాడే ఓపిక ఉండదు. ఆ సంగతి కౌంటర్ వెనక కూర్చున్న మేనేజర్‌కు మనకంటే బాగా తెలుసు.

"పదిహేనొందలండి. ఇప్పుడే గది ఇచ్చేస్తాను. బిల్లు కావాలంటే ట్యాక్స్ పడుద్ది, వద్దంటే పదిహేనొందలతో సరి" అన్నాడట.

రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ అయిదు శాతమే. పదిహేను వందల మీద డెబ్బై అయిదు రూపాయలు. "డెబ్బై అయిదు రూపాయలు ఊకెనే ఎందుకని వద్దన్న సార్" అన్నాడు మావాడు. వెయ్యి రూపాయలు నోట్లుగా ఇచ్చాడు. మిగతా అయిదు వందలు మేనేజర్ సొంత నంబరుకు ఫోన్లో కొట్టాడు. కూతురి ఆధార్ జిరాక్స్ తీసుకుని "మీరు పైకెళ్లండి, నేను రాసుకుంటాను" అంటే, రిజిస్టరులో సంతకం కూడా పెట్టకుండా మెట్లెక్కాడు.

రెండో రోజు సింహాచలం వెళ్లారు. తాళం కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలని వరండాలో బోర్డు ఉంది, ఇచ్చే వెళ్లారు. తిరిగొచ్చేసరికి కూతురి బ్యాగు లేదు. అందులో రెండు తులాల గొలుసు. మధ్యాహ్నం దాకా మేనేజర్ అయ్యో అన్నాడు, సాయంత్రానికి మాట మారింది: "అసలు మీరు మా దగ్గర దిగినట్టు రాతేదండి?" పోలీస్ స్టేషన్‌కు వెళితే లాడ్జి వాళ్లతోనే మాట్లాడుకోమన్నారు. రాత్రికి తిరుగు టికెట్ ఉంది, రైలెక్కేశారు. మా ఆఫీసు మెట్లెక్కింది అయిదో నెలలో. ఇన్నాళ్లూ ఏం చేశారయ్యా అంటే, "వాళ్లే ఫోన్ చేస్తమన్నరు సార్."

విశాఖ పోయి కేసు వేయాలా అన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. అక్కర్లేదు. 1986 నాటి పాత చట్టంలో ఆ బాధ ఉండేది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దాన్ని తీసేసింది. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే మన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఇంత సులువు చేసిన చట్టాన్ని చేతిలో పెట్టుకుని మనవాళ్లు ఎక్కడ ఓడిపోతున్నారో చూడండి.

లాడ్జి తరఫు కౌంటర్ దాఖలైంది. నాలుగు పేజీల్లో పనికొచ్చే వాక్యం ఒక్కటే: సదరు ఫిర్యాదుదారు ఏనాడూ మా లాడ్జిలో బస చేయలేదు. అంతే. సేవకు డబ్బు చెల్లించినవాడే చట్టం దృష్టిలో వినియోగదారుడు. చెల్లించినట్టు చూపలేకపోతే గొలుసు గురించి వాదించే దాకా వెళ్లనే వెళ్లం, గుమ్మంలోనే ఆగిపోతాం. అయిదు వందల ఫోన్ చెల్లింపు చూపిస్తే, ఆ నంబరు మా మాజీ ఉద్యోగి సొంతది, వాళ్ల లావాదేవీతో మాకు సంబంధం లేదన్నారు. కెమెరా రికార్డింగు అడిగితే పాతది చెరిగిపోయిందన్నారు. అది అబద్ధమని నేననలేను. ఆ పెట్టెల్లో రికార్డింగు కొన్ని రోజులో, కొన్ని వారాలో ఉంటుంది, తర్వాత దాని మీదే కొత్తది పడుతుంది. మనం వెళ్లింది అయిదో నెలలో.

చివరికి ఆదుకున్నది మనవరాలు. కొత్త గౌను వేసుకుని వరండాలో నిలబడితే తల్లి ఫొటో తీసింది. పిల్ల వెనక గది నంబరు, పక్కన "తాళం కౌంటర్‌లో ఇవ్వవలెను" అన్న బోర్డు, బోర్డు కింద లాడ్జి పేరు. తేదీ, టైము ఫోన్లోనే ఉన్నాయి. ఆ ఫొటో లేకపోతే ఈ కేసు ఈపాటికి కొట్టేసి ఉండేవారు. డెబ్బై అయిదు రూపాయల కాగితం చేయాల్సిన పనిని ఒక పసిపిల్ల గౌను చేసింది. ప్రతిసారీ అలా కలిసి రాదు.

ఇక ఆ మేనేజర్ మాట సంగతి. బిల్లు కావాలంటే ట్యాక్స్, వద్దంటే లేదు. స్టేషన్ రోడ్డు లాడ్జీల్లో ఏ ఊరికి వెళ్లినా వినిపించే ఈ మాట రెండు విధాలా తప్పు. లాడ్జికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, బిల్లు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ పన్ను ప్రభుత్వానికి కట్టి తీరాలి. మీరు బిల్లు వద్దంటే అతని పన్ను మాఫీ కాదు, లెక్కలోంచి ఎగిరిపోతుంది. రిజిస్ట్రేషన్ లేదూ, ఏడాది వ్యాపారం ఇరవై లక్షల లోపున్న చిన్న లాడ్జి అనుకుందాం. అప్పుడు జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేసే హక్కు అతనికి లేదు, కానీ రసీదు ఇవ్వాలి. అంటే మొదటి రకం వాడు ప్రభుత్వాన్ని మోసం చేస్తున్నాడు, రెండో రకం వాడు మిమ్మల్ని. పన్నుల అధికారులు ఒక్క రోజు ఉదయం అయిదింటికి సంచి పట్టుకుని ఆ కౌంటర్ల ముందు నిలబడితే ఈ వ్యాసం రాసే అవసరం నాకుండదు. వాళ్లు నిలబడరు, మీరు నిలబడాలి.

బిల్లు ఇవ్వకపోవడమే 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అది మీరు వేడుకునేది కాదు. బిల్లు మీద లాడ్జి పేరు, చిరునామా, వరుస నంబరు, తేదీ ఉండాలి. మీ పేరు, గది నంబరు, దిగిన టైము కూడా రాయించుకోండి. తెల్ల చీటీ మీద 1500 అని గీసి ఇచ్చేది బిల్లు కాదు. ఫోన్లో డబ్బు కొట్టేటప్పుడు తెర మీద లాడ్జి పేరు రావాలి, మనిషి పేరొస్తే ఆగండి. ససేమిరా ఇవ్వనంటే, "1500 చెల్లించాం, ఫలానా గది, బిల్లు పంపండి" అని డబ్బు కొట్టిన నంబరుకు అప్పుడే మెసేజ్ పెట్టండి. వాళ్లు జవాబివ్వకపోయినా మీ మెసేజ్ మీ దగ్గర ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, బిల్లు తీసుకున్నాకే మెట్లెక్కండి.

"విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న బోర్డు చూసి భయపడేవాళ్లకు ఒక ధైర్యం చెప్పాలి. ఢిల్లీ తాజ్ మహల్ హోటల్ కేసులో 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు ఈ బోర్డు గాలి తీసేసింది. 1998లో ఒక అతిథి కారు తాళాలు హోటల్ సిబ్బందికి ఇచ్చాడు, కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద "ఓనర్ రిస్క్" అని ఉంది కదా అన్నారు హోటల్ వాళ్లు. అతిథి తన వస్తువును అప్పగించాక, హోటల్ సొంత నిర్లక్ష్యం ఉన్నప్పుడు ఆ అక్షరాలు దాన్ని కాపాడవని, జాగ్రత్త తీసుకున్నామని చూపాల్సిన భారం ముందు హోటల్ మీదే ఉంటుందని కోర్టు తేల్చింది. మా వాదనంతా దాని మీదే నిలబడింది: గది తాళం మీ బోర్డు చెప్పినట్టే మీకిచ్చాం. అయితే మా వైపు బొక్క కూడా దాచను. రెండు తులాలు బ్యాగులో ఉన్నట్టు కౌంటర్‌లో చెప్పారా అని అవతలి లాయరు అడిగితే మా దగ్గర జవాబు లేదు. లాడ్జి అంటే బ్యాంకు లాకరు కాదు. బంగారం వెంట తెచ్చుకుంటే ఒంటి మీద ఉంచుకోండి, లేదా రాయించి అప్పగించండి.

మన ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం గురించి చదివే ఉంటారు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. తాను ఆ పని చేయనని, ఉన్న సుంకం తప్ప మరేదీ పుచ్చుకోనని పరదేశి వర్తకులకు రాయి మీద చెక్కించి మరీ మాటిచ్చాడు. తీరానికొచ్చిన పరాయివాడు నమ్మాలంటే కాకతీయ చక్రవర్తి మాటకే రాత కావలసి వచ్చింది. మీరేమో "నేను రాసుకుంటాను" అన్న మేనేజర్ మాట పట్టుకుని పైకెళ్తున్నారు.

పోలీసుల గురించి కూడా ఒక మాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారు. మా క్లయింటు ఇంటికొచ్చిన మర్నాడే ఇక్కడ ఇచ్చి ఉండవచ్చు. నేను పంపినప్పుడు కూడా "అక్కడ జరిగింది అక్కడే ఇచ్చుకోండి" అని తిప్పి పంపారు. చట్టం మారి ఇన్నాళ్లయినా బల్ల వెనక మాట మారలేదు. సెక్షన్ నంబరు రాసి, ముద్ర వేసిన నకలు కావాలని పట్టుబట్టాక తీసుకున్నారు. అదే రోజు లాడ్జికి కూడా, ఫలానా తేదీ కెమెరా రికార్డింగు చెరపవద్దని రాసి పంపాలి. మాకు ఆ రోజు ఎప్పుడో దాటిపోయింది.

మిగతా నాలుగూ క్లుప్తంగా. బందరు ఆమెకు రెండు రోజుల అద్దె పడింది టైము దగ్గర. ఇరవై నాలుగు గంటల లెక్కా, పన్నెండింటి లెక్కా అన్నది ఏ చట్టమూ చెప్పదు, కాగితం మీద ఏముంటే అదే. కాగితమే లేదు. హన్మకొండ పెళ్లివారి చీటీ మీద అడ్వాన్సు అంకె ఉంది గానీ తేదీ లేదు, గదులు ఎన్నో లేదు. రెండో విశాఖ కేసు యాప్‌లో బుక్ చేసుకున్నది. "ఆ యాప్ మాకు డబ్బులివ్వట్లేదు, ఇక్కడ మళ్లీ కట్టండి" అంటే నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు, రసీదు అడగలేదు. మొదటి చెల్లింపుకు మెయిల్ ఉంది, రెండోదానికి ఏమీ లేదు. యాప్ ఫిర్యాదుల అధికారి నలభై ఎనిమిది గంటల్లో అందిందని చెప్పి, నెలలో తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. వాళ్లనూ ప్రతివాదిగా చేర్చాం. పూరీ ఆయన కట్టింది అసలు హోటల్‌కే కాదు, దాని పేరు పెట్టుకున్న నకిలీ వెబ్‌సైట్‌కు. అలాంటప్పుడు లాయరు దగ్గరికి కాదు, ముందు 1930కి ఫోన్ చేయాలి, అదీ వెంటనే. పోయిన డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే ఆపగలిగితే ఆపుతారు. ఆయన పదకొండు రోజులు ఆగాడు. లాడ్జి వాళ్లతో మామూలు పేచీకైతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, సగం గొడవలు అక్కడే తెగుతాయి. అక్కడా మొదట అడిగేది బిల్లే.

గుర్తింపు కోసం ఆధారే ఇవ్వనక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు చాలు. ఆధార్ ఇస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ మీద అడ్డంగా లాడ్జి పేరు, తేదీ రాసి సంతకం పెట్టి, ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి. అక్కడ దిగినట్టు అదీ ఒక ఆధారమే.

పోయిన వాయిదాకు మా పెద్దమనిషి కాజీపేట నుంచి పొద్దున్నే వచ్చాడు. కేసు పిలవడానికి టైముందని కోర్టు ఎదురుగా టిఫిన్ చేసి వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. రెండు ఇడ్లీ, ఒక టీ, కింద వరుస నంబరు, తేదీ.

"బిల్లు తీసుకున్న సార్. పనికొస్తదా?" అన్నాడు.

ఈ కేసుకు రాదన్నాను. అయినా మళ్లీ మడతపెట్టి జేబులోనే పెట్టుకున్నాడు.