పాత మోటారు సైకిలు: గొలుసును, టైర్లను మార్చు విధము

హోసూరు, డెంకణికోట ప్రాంతములందలి మన తెలుగు కుటుంబములలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పూలమూటలును, కూరగాయల బస్తాలును సంతకు చేరుట దాని మీదనే. పిల్లలు బడికి వచ్చుటయు దాని మీదనే. వీనిలో కొన్ని తండ్రి నుండి కుమారునకు సంక్రమించిన బండ్లు. మదరాసు చెంత తిరువొత్తియూరులో 1955లో ఆరంభమైన కర్మాగారపు బుల్లెట్లు, మైసూరులో 1960 దశకమున తయారైన జావాలు, వాని తరువాతి యెజ్డీలు నేటికిని అక్కడక్కడ నడచుచున్నవి.

పాత ఇంజనును మరమ్మతు చేసి నడుపవచ్చును. కాని చక్రమును త్రిప్పు గొలుసు, నేలను పట్టు టైరు అరిగిన పిమ్మట మరమ్మతునకు లొంగవు; మార్చవలసినదే. వేగముగా పోవునపుడు గొలుసు తెగి వెనుక చక్రమునకు చుట్టుకొనినచో చక్రము ఒక్కసారిగా బిగిసిపోవును. నున్నబడిన టైరు వానలో జారును. కావున ఈ పాఠమున మేము చెప్పదలచినవి రెండు మాటలు: అరుగుదలను ఊహింపక కొలిచి తెలిసికొనవలెను, కలసి అరిగిన వానిని కలిపి మార్చవలెను.

గొలుసు ఏల సాగును?

“చైను సాగినది” అని మెకానిక్కు చెప్పును. నిజమునకు దాని ఉక్కు రేకులు సాగవు. ప్రతి కీలునందును పిన్నును, దానిని చుట్టియున్న బుష్షును ఒకదానినొకటి రాచుకొని అరుగును. ఇసుక, దుమ్ము చేరినచో ఆ అరుగుదల హెచ్చును. ఒక్కొక్క కీలున అది పావు మిల్లీమీటరే అయినను, ఇరువది కీళ్లలో 5 మిల్లీమీటర్లగును. చిన్న నష్టములు కూడి పెద్దవగుటకు ఇది చక్కని ఉదాహరణము.

కొలుచు విధము

ఇంజను ఆపి, తాళపుచెవి తీసి, బండిని నడిమి స్టాండుపై నిలుపవలెను. గొలుసును బిగువుగా పట్టి, ఒక పిన్ను నడిమి నుండి ఇరువది యొకటవ పిన్ను నడిమి వరకు స్కేలుతో కొలువవలెను. పిన్నునకు పిన్నునకు నడుమ దూరము అర అంగుళము గల గొలుసు క్రొత్తదైనపుడు ఈ కొలత 254 మిల్లీమీటర్లు. బుల్లెటు వంటి బండ్ల గొలుసున ఆ దూరము 5/8 అంగుళము. అందు పదునారు లంకెలకే 254 మిల్లీమీటర్లు వచ్చును. నూటికి రెండు వంతులు పెరిగి కొలత 259 మిల్లీమీటర్లకు చేరినచో గొలుసును మార్చుటకు ఇక జాగు చేయరాదు. ఒకచోట మాత్రమే గాక మూడు నాలుగు చోట్ల కొలువవలెను. గొలుసు అంతటను సమానముగా అరుగదు.

గొలుసుతోపాటు పళ్లచక్రములు

అంగడిలో స్ప్రాకెట్లని పిలుచు పళ్లచక్రములు రెండు: ఇంజను వద్ద చిన్నది, వెనుక చక్రమునకు పెద్దది. సాగిన గొలుసుతో తిరిగి తిరిగి వీని పళ్లు ఒక ప్రక్కకు వంగి కొడవలి మొనలవలె అగును. అట్టి పళ్లపై క్రొత్త గొలుసును వేసినచో లంకెలు సరిగా కూర్చుండవు. భారమంతయు కొన్ని పళ్లపైననే పడి క్రొత్త గొలుసు త్వరగా చెడును. గొలుసొక్కటే కొని మిగుల్చుకొన్న సొమ్ము మరల గొలుసు కొనుటకే పోవును. మూడింటిని కలిపి మార్చుటయే నిజమైన పొదుపు.

క్రొత్త గొలుసునకు లంకెల లెక్క సరిచూడవలెను గాని పాత గొలుసుతో పొడవును సరిచూడరాదు. పాతది పెరిగియున్నది గదా! చిన్న చక్రపు నట్టును పాత గొలుసు ఉండగనే, వెనుక బ్రేకు నొక్కిపట్టి వదులు చేసికొనవలెను. గొలుసు కొనలను కలుపు లాకు క్లిప్పునకు ఒక వైపు మూసియుండును, ఒక వైపు తెరచియుండును. మూసిన వైపు గొలుసు పోవు దిక్కునకు ఉండవలెను. లేనిచో ఏదైన తగిలినపుడు క్లిప్పు ఊడిపోవును. పిమ్మట రెండు ప్రక్కల గుర్తులు సమానముగా ఉండునట్లు చక్రమును జరిపి, క్రింది వరుస నడుమ బండి పుస్తకమున చెప్పినంత ఊపు ఉండునట్లు సరిచేయవలెను. మిక్కిలి బిగువు కూడ వదులువలెనే కీడు. చక్రమును త్రిప్పుచు, గొలుసు అన్నిటికంటె బిగువుగా నున్న చోట ఈ ఊపును చూడవలెను.

టైర్లు

వెనుక చక్రమును విప్పినపుడే టైరును కూడ పరీక్షించుట మంచిది. టైరు చాళ్లు వాననీటిని ప్రక్కలకు త్రోయును. చాళ్లు లేని టైరు నీటిపై తేలును. మన మోటారు వాహన నిబంధనల ననుసరించి ద్విచక్ర వాహనపు టైరు చాళ్ల లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. అంత వరకు ఆగవలెనని దీని అర్థము కాదు. చాళ్లు మిగిలియున్నను వయస్సుచే రబ్బరు గట్టిపడి బీటలు వారును. టైరు ప్రక్క ముద్రించిన నాలుగంకెలు దాని వయస్సును తెలుపును: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము.

క్రొత్త టైరుతో క్రొత్త ట్యూబును వేయుట మేలు. రిమ్ములోని రబ్బరు పట్టీని, పుల్లల కొనలను తడిమి చూడవలెను. టైరుపై బాణపు గుర్తు ఉన్నచో అది చక్రము తిరుగు దిక్కును చూపవలెను. అంచునకు సబ్బునీరు రాచి, వాల్వునకు ఎదురుగా ఆరంభించి వాల్వు వద్ద ముగింపవలెను. ఎదుటి అంచును రిమ్ము నడిమి పల్లములోనికి నొక్కినచో బలము అక్కరలేకయే టైరు ఎక్కును. ట్యూబు లివరు క్రింద నలుగరాదు. క్రొత్త టైరు మొదట జారుడుగా నుండును గనుక, తొలి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడుపవలెను.

తల్లిదండ్రులకు మనవి

ఇంజను నడచుచుండగా గొలుసును తుడుచుట గాని, నూనె వేయుట గాని ఎన్నడును చేయరాదు; చిక్కిన వ్రేళ్లు తెగిపోవును. పనిముట్లు లేనివారు మార్పిడిని మెకానిక్కుచేతనే చేయింపవచ్చును. కాని కొలుచుటకు మెకానిక్కు అక్కరలేదు. మీ పిల్లల సంచిలోని స్కేలు చాలును. వారిని మీ చెంత నిలుపుకొని కొలువుడు. ఆ బండిపై కూర్చుండి బడికి వచ్చువారు వారే గదా!

అభ్యాసము

1. 5/8 అంగుళపు గొలుసున పదునారు లంకెలు 258 మిల్లీమీటర్లు ఉన్నవి. సాగుదల నూటికెంత? ఆ గొలుసును మార్చవలసిన హద్దు దాటినదా?
2. క్రొత్త గొలుసును కొనునపుడు లంకెలను లెక్కించుటయే ఏల సరియైన పద్ధతి?
3. మీ ఇంటి బండి టైర్లపై గల నాలుగంకెలను వ్రాసికొని వచ్చి, వాని వయస్సును లెక్కకట్టుడు.